చస్తే చచ్చేది, లేదంటే నడిచేది

మా రోజుల్లో కంప్యూటర్ బాగుంటే నడిచేది, బాగోకపోతే ఆగిపోయేది. ఆగిపోయిందంటే ఎక్కడో తప్పు ఉన్నట్టే. ఆ తప్పు దొరికేదాకా స్క్రూడ్రైవర్ కింద పెట్టేవాళ్లం కాదు. ఇప్పటి కంప్యూటర్ అలా కాదు. లోపల సగం చెడినా దర్జాగా ఆన్ అవుతుంది, విండోస్ ఎక్కుతుంది, బొమ్మ చూపిస్తుంది, పాట పాడుతుంది. అన్నీ చేస్తుంది, కాకపోతే ఏడ్చుకుంటూ చేస్తుంది. అప్పు చేసి మరీ కొత్త సిస్టమ్ బిగించుకున్న కుర్రాడు ఫోన్ చేసి, "అంకుల్, అంతా బాగానే ఉంది, కాస్త స్లో, అంతే" అంటాడు. బాగానే ఉంటే స్లో ఎందుకవుతుందిరా నాయనా!

తొంభైల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగినవాళ్లకి నా బాధ తెలుస్తుంది. బోర్డు ఒక షాపులో, ప్రాసెసర్ ఇంకో షాపులో, ర్యామ్ పై అంతస్తులో, మానిటర్ ఆటోలో ఒళ్లో. అన్నీ పోగేసుకొచ్చి, క్యాబినెట్‌లో బిగించకముందే అట్టముక్క మీద బోర్డు పడుకోబెట్టి పవర్ ఇచ్చేవాళ్లం. ఒక్క చిన్న బీప్ వస్తే టీ చెప్పేవాళ్లం. బీప్ రాకపోయినా, ఆగకుండా మోగుతున్నా టీ వాయిదా. ఎన్ని బీపులు, ఎంత పొడుగు బీపులు అన్నదాన్నిబట్టి తప్పు ర్యామ్‌దా, డిస్‌ప్లే కార్డుదా అని సగం తేలిపోయేది. ర్యామ్‌దైతే పీకి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చడం. అప్పటి సర్వీస్ ఇంజనీర్ బ్యాగులో ఇంకేమున్నా లేకపోయినా రబ్బరు ముక్క ఉండేది. ఇప్పటి క్యాబినెట్లలో ఆ చిన్న స్పీకరే పెట్టడం లేదు. అద్దాల గోడలు పెడుతున్నారు, రంగురంగుల దీపాల ఫ్యాన్లు పెడుతున్నారు, పది రూపాయల స్పీకర్ మాత్రం పెట్టరు.

ర్యామ్ సంగతే తీసుకోండి. 486 బోర్డు మీద 30 పిన్నుల సిమ్ములు నాలుగేసి పెట్టాలి. ఒక్కో సిమ్ము 8 బిట్లు, ప్రాసెసర్‌కి కావలసినవి 32. మూడు కొని, నాలుగోది వచ్చే నెల చూద్దాం అంటే కుదరదు, బోర్డు లేవదు. పెంటియంకి 72 పిన్నులవి జతగా పెట్టాలి. అక్కడ ఒక్కోటి 32, కావలసినవి 64. ఒంటిగా పెడితే మామూలుగా తెర నలుపు. అంటే ఏమిటి? తప్పు పెట్టావు, తీసి సరిగ్గా పెట్టు అని యంత్రం మొహం మీదే చెప్పింది.

ఇప్పుడో? నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్ స్టిక్కులు పెట్టాలంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో ఒకటి, నాలుగోదాంట్లో ఒకటి పెట్టాలి. ఏ2, బీ2 అని పక్కనే రాసి ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. మాన్యువల్ ఎవరు తెరుస్తారు? కుర్రాడు మొదటి రెండింట్లో పక్కపక్కన గుచ్చేస్తాడు. రెండూ ఒకే ఛానెల్ మీద పడి, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి సగమైపోతుంది. బోర్డు ఒక్క మాట అంటుందా? అనదు. 32 జీబీ అని నిండుగా చూపించి కూర్చుంటుంది.

వేగం సంగతీ అంతే. బాక్సు మీద 6000 అని బంగారు అక్షరాలు. పెట్టగానే లేచేది మాత్రం చాలావాటికి 4800 దగ్గర. బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ బోర్డయితే ఎక్స్‌ఎంపీ, ఏఎండీ బోర్డయితే ఎక్స్‌పో అన్నదాన్ని ఆన్ చేస్తేగాని బాక్సు మీద అంకె ఒంటికి పట్టదు. డీడీఆర్4లో 3200 అని కొన్న స్టిక్కు 2133 దగ్గర లేచి ఏళ్ల తరబడి అలాగే పనిచేసిన సిస్టమ్‌లు చూశాను. మా పెంటియం బోర్డు మీద జంపర్లుండేవి. బస్సు 66, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే 166, దానికి ఏ రెండు పిన్నుల మీద టోపీ పెట్టాలో బోర్డు మీదే అచ్చు వేసి ఉండేది. మరీ ఎక్కువ స్పీడుకి పెడితే లేచేది కాదు. లేవకపోవడంలో ఒక మర్యాద ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. స్లాటు తప్పినా, ఎక్స్‌పో ఆన్ చేయకపోయినా మౌస్ ఆగి ఆగి కదిలేంత నెమ్మది రాదు. గేముల్లో తేడా కనిపిస్తుంది, వీడియో రెండర్‌లో కొంత తెలుస్తుంది. ఫోల్డరు తెరవడానికి నిమిషం పడుతోందంటే అది ర్యామ్ వేగం గొడవ కాదు. ఈ తేడా తెలియక ఆన్‌లైన్‌లో చూసిన ప్రతి సెట్టింగూ మార్చేసి, మార్చినవి గుర్తుపెట్టుకోకుండా నా దగ్గరికి వస్తారు.

మా రోజుల్లో స్లో లేదని కాదు. 8 ఎంబీ ర్యామ్ మీద విండోస్ 95 వేసి, పేజ్‌మేకర్‌లో తెలుగు ఫాంటుతో పెళ్లి శుభలేఖ తెరిస్తే హార్డ్ డిస్క్ కరకరలాడేది. ముందున్న ఎర్ర దీపం ఆరకుండా వెలిగేది. డీటీపీ ఆపరేటర్ ఆ చప్పుడు విని, ర్యామ్ చాలక డిస్క్ మీద రాసుకుంటోందని గ్రహించి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఆ నెమ్మదికి చప్పుడుండేది, వెలుగుండేది. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీకి చప్పుడు లేదు. క్యాబినెట్‌కి ఆ చిన్న దీపం ఉన్నా దాని రెండు వైర్లు బోర్డుకి గుచ్చేవాడు లేడు.

ఇంకో తమాషా. మా క్యాబినెట్ల ముందు టర్బో అని ఒక బటన్ ఉండేది. పేరు టర్బో, అసలు పని నెమ్మది చేయడం. 4.77 మెగాహెర్ట్జ్ ఐబీఎం పీసీ కోసం రాసిన గేములు కొన్ని ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకునేవి. వాటిని 386 మీద ఆడితే, కన్ను మూసి తెరిచేలోపు చచ్చిపోయేవాళ్లం. అందుకని బటన్ నొక్కి యంత్రాన్ని తగ్గించుకునేవాళ్లం. టర్బో పాస్కల్‌లో చేసిన ప్రోగ్రాములు కొన్ని పెంటియం 2 మీద "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని పడిపోయేవి. ఆలస్యం ఎంత పెట్టాలో మొదట్లోనే కొలుచుకునే చోట, యంత్రం మరీ వేగంగా ఉండేసరికి లెక్క తప్పేది. ఏఎండీ కే6-2 ప్రాసెసర్ 350 మెగాహెర్ట్జ్, ఆపైన ఉంటే విండోస్ 95 లేస్తూ లేస్తూనే ప్రొటెక్షన్ ఎర్రర్ అనేది, దానికి మైక్రోసాఫ్ట్ విడిగా మందు ఇవ్వాల్సి వచ్చింది. వేగం ఎక్కువై పడిపోయిన సిస్టమ్‌లకి వైద్యం చేసిన తరం మాది. అప్పుడు కూడా యంత్రం పడిపోయి చెప్పింది, పాకి చెప్పలేదు.

మోసాలు లేవా అంటే, ఉండేవి. క్యాబినెట్ మీద 66 అని పచ్చగా వెలిగే ఆ అంకెలు యంత్రాన్ని కొలిచి చూపించేవి కావు. వెనక జంపర్లు ఎలా పెడితే అలా వెలిగేవి. 33ని 99 అని చూపించొచ్చు. కొన్ని 486 బోర్డుల మీద క్యాష్ మెమరీ అని నల్ల చిప్పులు అతికించి, లోపల ఖాళీ ప్లాస్టిక్ పెట్టినవాళ్లున్నారు. ఆ బోర్డు నెమ్మదిగానే నడిచేది. కాబట్టి అప్పుడంతా సత్యయుగం అని నేను అనడం లేదు. మోసం చేసింది మనుషులు. యంత్రానికి మోసం ఇంకా రాలేదు.

యంత్రానికి ఆ బుద్ధి అబ్బింది, నా లెక్క ప్రకారం 2001 ప్రాంతంలో. ఆ ఏడు టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు ఒక వీడియో పెట్టారు, ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా నోరు తెరుచుకుని చూశారు. నడుస్తున్న కంప్యూటర్లో ప్రాసెసర్ మీద హీట్‌సింక్ ఊడబెరికితే ఏమవుతుందని. ఏఎండీ ఆథ్లాన్ పొగలు కక్కి చచ్చింది. పెంటియం 3 గేము మధ్యలో బిగుసుకుపోయింది. పెంటియం 4 మాత్రం గేము ఆపలేదు. తన వేగం తానే తగ్గించుకుని, ఈడ్చుకుంటూ నడిచింది. హీట్‌సింక్ మళ్లీ పెట్టగానే ఏమీ ఎరగనట్టు వేగం అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ మెచ్చుకోబుద్ధేసింది. మెచ్చుకుంటూనే, ఇక మీదట ఫ్యాన్ ఆగిన సంగతి కస్టమర్‌కి ఎవరు చెప్తారు అనిపించింది.

అదే ఏడాది అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. హార్డ్ డిస్క్ కేబుల్ మీద మొత్తం ఆరు తప్పులు పోగైతే, అది డీఎంఏ పద్ధతిలో ఒక్కో మెట్టు దిగుతూ, తప్పులు ఆగకపోతే చివరికి పీఐవో అనే పాతకాలపు పద్ధతిలోకి జారిపోయేది. ప్రతి ముక్కా ప్రాసెసర్ చేత్తో మోయాలి. సిస్టమ్ నత్తనడక పట్టేది. తెర మీద హెచ్చరిక ఉండదు. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ ఛానెల్ తెరిచి చూసినవాడికే తెలుస్తుంది. కేబుల్ మార్చినా అది పైకి ఎక్కదు, ఆ ఛానెల్‌ని తీసేసి రీస్టార్ట్ చేయాలి. ఆ రోజుల్లో ఎక్స్‌పీ స్లో అయిందని ఎంతమంది ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించుకున్నారో! ఫార్మాట్ కొట్టగానే ఛానెల్ మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది గనక కొన్నాళ్లు బాగుండేది. దాంతో ఫార్మాటే మందు అని జనానికి నమ్మకం కుదిరింది. కేబుల్ మాత్రం అలాగే ఉండేది.

అప్పటినుంచీ అదే వరస. కంప్యూటర్లో ప్రతి భాగమూ దెబ్బ తగిలితే ఆగకుండా ఒక మెట్టు దిగడం నేర్చింది. నెట్‌వర్క్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు చాలు. క్రింపింగ్ సరిగ్గా లేక మిగతా రెంటిలో ఒక జత పోతే మామూలుగా లింకు తెగదు, చడీచప్పుడు లేకుండా పదోవంతుకి దిగుతుంది. సాటా కేబుల్ వదులైతే 6 గిగాబిట్లది 3కి, 1.5కి దిగుతుంది. గ్రాఫిక్స్ కార్డుని కింది స్లాటులో పెడితే చాలా బోర్డుల్లో పదహారు దారులకి బదులు నాలుగింటి మీద నడుస్తుంది. మానిటర్ కేబుల్‌ని ఖరీదైన కార్డుకి కాకుండా బోర్డు వెనకాల గుచ్చినా, ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ వస్తుంది! బొమ్మ రాకపోతే ఆ కుర్రాడు వెనక్కి వంగి చూసేవాడు కదా. ఇప్పటి కొన్ని బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, బూట్ అని నాలుగు చిన్న దీపాలు పెడుతున్నారు. మంచిదే. అయితే అవి వెలిగేది లేవని సిస్టమ్‌కి. ఈడ్చే సిస్టమ్‌కి ఏ దీపమూ లేదు.

వేడి గురించి కాస్త నిలబడి చెప్పాలి, కొత్తగా బిగించిన సిస్టమ్‌లో పదినిమిషాలు బాగుండి తర్వాత పాకడానికి నేను మొదట అనుమానించేది దాన్నే. కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఒలిచి పెట్టమని దాని మీదే రాసి ఉంటుంది. ఒలవరు. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కి నాలుగు కాళ్లుంటాయి, నాలుగూ టిక్కుమనాలి. మూడు టిక్కుమంటాయి. నాలుగోది నొక్కాలంటే బోర్డు వంగుతుందని భయపడి వదిలేస్తారు. నీళ్ల కూలరైతే పంపు వైరు గుచ్చడమే మర్చిపోతారు. ఇక ఫలితం: 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తన వేగాన్ని తానే నరికేసుకుంటుంది. 4 గిగాహెర్ట్జ్ దాటి పరుగెత్తాల్సింది దాంట్లో చిన్న భాగంతో నడుస్తుంది.

అలాగని అంకె చూడగానే బెంబేలెత్తకూడదు. రైజెన్ 7000 వరసలో పెద్ద ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీలదాకా వెళ్లేలాగే తయారైనవి. అక్కడ ఉండి కూడా వేగం నిలబెడుతుంటే జబ్బు లేనట్టే. చూడాల్సింది రెండు అంకెలూ పక్కపక్కన: వేడి ఎంత, ఆ క్షణంలో క్లాక్ ఎంత. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది, రెండూ చూపిస్తుంది, వేగం తగ్గించుకుంటే ఎందుకు తగ్గించుకుందో కూడా రాస్తుంది. ఇంకో సంగతి, ఆ కూలర్ మీద రాసిన గొప్పలన్నీ చల్లటి గదిలో కొలిచినవి. రెంటచింతల మే నెలలో, ఏసీ లేని గదిలో, ముందు అద్దం బిగించి గాలి రాకుండా చేసిన క్యాబినెట్‌లో ప్రాసెసర్ 42 డిగ్రీల దగ్గర రోజు మొదలుపెడుతుంది. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనరా అంటే లోపలి దీపాలు కనపడవంటాడు.

కొన్నిసార్లు తప్పు బిగించినవాడిది కాదు, అదీ ఒప్పుకోవాలి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. రైజెన్ బోర్డుల్లో దాన్ని ప్రాసెసర్లోపలి ఎఫ్‌టీపీఎంతో తీర్చారు. అది అప్పుడప్పుడూ బయోస్ చిప్పుతో మాట్లాడుకుంటుంటే మొత్తం సిస్టమ్ ఒక్క క్షణం బిగుసుకుపోయి, పాట కూడా గీకినట్టు ఆగి మళ్లీ నడిచేది. కుర్రాళ్లు ర్యామ్ మార్చారు, కార్డు మార్చారు, విండోస్ మార్చారు. 2022 మార్చిలో ఏఎండీ వాళ్లే ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్ ఇస్తామన్నారు. దానికి ముందు, విండోస్ 11 వచ్చిన కొత్తల్లో, 2021 అక్టోబరులో, రైజెన్‌ల ఎల్3 క్యాష్ ఆలస్యం పెరిగిపోయి, ఆ నెలలోనే దిద్దారు. కాబట్టి కొత్త బోర్డు కొంటే బయోస్ ఎప్పటిదో చూసుకోవడం తప్పు కాదు. మా రోజుల్లో బయోస్ అప్‌డేట్ అంటే ఫ్లాపీలోంచి, కరెంటు పోకూడదని దండం పెట్టుకుంటూ చేసేవాళ్లం. ఇప్పుడు పెన్‌డ్రైవ్ చాలు, అయినా చేయరు.

వాళ్లు చేసేది ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం. స్లో అయిందా, ఫార్మాట్. స్ట్రక్ అవుతోందా, ఫార్మాట్. కొత్తగా విండోస్ వేసిన మొదటి రోజు సిస్టమ్ నెమ్మదిగానే ఉంటుంది. అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లకి సూచిక రాసుకుంటుంది, డిఫెండర్ అంతా వెతుకుతుంది. ఓ రాత్రి ఆన్‌లో వదిలేస్తే దానంతటదే సర్దుకునేదాన్ని తెల్లారేలోపు మళ్లీ ఫార్మాట్ కొట్టి మొదటికి తెస్తారు. ఆ పైన ర్యామ్ ఖాళీ చేసేదొకటి, రిజిస్ట్రీ కడిగేదొకటి, రెండో యాంటీవైరస్ ఒకటి వేసి, మందు పేరుతో ఇంకో జబ్బు తగిలిస్తారు. ఫార్మాట్‌తో పోయే అసలు నష్టం వేరే ఉంది. ఈవెంట్ వ్యూయర్ అని విండోస్‌లో ఒక డైరీ ఉంది. తెర మీద చెప్పనివన్నీ యంత్రం అక్కడ రాసుకుంటుంది. ఫార్మాట్ కొడితే ఆ డైరీ పోతుంది.

నరసరావుపేటలో మా మేనల్లుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఈ ముహూర్తాల సీజన్‌కి ముందు కొత్త సిస్టమ్ బిగించాడు. మంచి ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు. పాత సిస్టమ్ కంటే ఘోరంగా ఉందని ఫోన్. అప్పటికే ఫార్మాట్ అయింది, ర్యామ్ మార్చారు, షాపువాడు ఎస్‌ఎస్‌డీ కూడా మార్చి ఇచ్చి, ఇక మాది కాదు, మీ సాఫ్ట్‌వేర్ గొడవ అన్నాడట.

"ఎప్పుడు స్లో అవుతోందిరా?"

"ఎప్పుడూనే మావయ్యా."

"ఎప్పుడూ అంటే కుదరదు. ఆన్ చేయగానేనా, పదినిమిషాలు పోయాకనా, ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడా, రెండర్ పెట్టినప్పుడా?"

ఈ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు రాబట్టడమే మా వృత్తిలో సగం పని. భారం పెట్టిన కాసేపటికి అంటే వేడి. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మొదట పరుగెత్తి, మధ్యలో కూలబడితే చవక ఎస్‌ఎస్‌డీ. దాంట్లో వేగంగా రాసుకునే చోటు కొంత ఉంచుతారు, అది నిండాక క్యూఎల్‌సీ రకంలో కొన్ని హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిగా రాస్తాయి. గేముల్లో మాత్రమే అంటే కార్డు, కేబుల్, స్లాటు చూడాలి. వీడు చాలాసేపు ఆలోచించి చెప్పాడు, రెండర్ బాగానే అవుతుందట, ఉన్నట్టుండి ఏదో ఒక ఫోల్డరు తెరవబోతే అర నిమిషం బిగుసుకుంటుందట. అంతసేపూ మౌస్ బాణం హాయిగా కదులుతుందట, నొక్కితే మాత్రం దేనికీ పలకదట.

బాణం కదులుతోందంటే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది. ఎవరి కోసమో ఎదురు చూస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో ఎడమవైపు వరస చదవమన్నాను.

"సీపీయూ నాలుగు శాతం. మెమరీ పావు వంతు. డిస్క్ 0 ఒక శాతం. అంతా ఖాళీగానే ఉంది మావయ్యా, అదేగా నా బాధ."

"కింద ఇంకేమైనా ఉందా?"

"డిస్క్ 1 అని ఉంది. వంద శాతం."

"స్పీడెంత?"

"సున్నా."

వంద శాతం పని, సున్నా వేగం. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఇన్నాళ్లకి ఒక యంత్రం నోరు తెరిచి మాట్లాడింది. "ఏంట్రా ఆ డిస్క్ 1?"

"అదా? పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్. పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయని తీసి దీంట్లో పెట్టా. దాని మీద నేనేం పని చేయట్లేదులే."

వాడు చేయకపోతేనేం, విండోస్ దాన్ని పలకరిస్తూనే ఉంటుంది. ఫోల్డరు తెరిస్తే అన్ని డ్రైవులనీ ఓసారి చూసొస్తుంది, సూచిక రాసుకునేది దాని పాటికది తిరుగుతుంది. ఆ పాత డిస్కు ఒక చోట చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే, అడిగిన ప్రోగ్రాము అక్కడే నిలబడిపోతుంది. పెళ్లి బంతిలో ఒక్క పెద్దాయన నిదానంగా పెరుగన్నం తింటుంటే వరస మొత్తం చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంటుందే, అదీ సంగతి. కొత్త ప్రాసెసరూ కొత్త ఎస్‌ఎస్‌డీ ఎప్పుడో తినేసి కూర్చున్నాయి. వాటినేమో వీళ్లు మార్చి మార్చి చూశారు.

డాస్ రోజుల్లో ఇదే డిస్కు అయితే ఏమయ్యేది? ముందు కటకటమని చప్పుడు. తర్వాత తెర మీద ఒక్క ముక్క: "అబార్ట్, రిట్రై, ఫెయిల్?" మానేయనా, మళ్లీ చూడనా, కాదని ముందుకెళ్లనా? ఎంత మర్యాదైన ప్రశ్న! ఆ అక్షరాలంటే అందరం భయపడేవాళ్లం, విసుక్కునేవాళ్లం. కానీ నిర్ణయం మనది. ఇప్పటి విండోస్ ఆ ప్రశ్న తనే వేసుకుని, మనల్ని అడక్కుండా మళ్లీ మళ్లీ "రిట్రై" అని తనే జవాబిచ్చుకుంటోంది.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిపించాను. పసుపు త్రిభుజాల వరస. 129, డిస్కుని రీసెట్ చేశాను అని. 153, మళ్లీ ప్రయత్నించాను అని. వీడు ఫార్మాట్ కొట్టకముందువి పోయాయి, తర్వాతవే అన్ని ఉన్నాయి. ఇది కేబుల్ తప్పా, డిస్కుదేనా అని తేలాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో మూడు వరసలు చదవమన్నాను. సీ7 అంటే దారిలో పాడైన డేటా, అది పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని. యాభై రూపాయలతో పోతుంది. 05 పాడై పక్కన పెట్టిన చోట్లు. సీ5 చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. వీడి డిస్కులో సీ7 సున్నా. సీ5 దగ్గర మాత్రం అంకె చదవడానికి వాడు కాస్త తడబడ్డాడు.

ఆఫ్ చేసి, ఆ డిస్కు రెండు వైర్లూ పీకి, మళ్లీ ఆన్ చేయమన్నాను. ఫోన్‌లోంచే వాడి కీబోర్డు చప్పుడు మారిపోవడం వినిపించింది. కొత్త సిస్టమ్ ఎలా ఉండాలో అలా ఉందట. షాపువాడిని అనవసరంగా తిట్టాను మావయ్యా అన్నాడు. తిట్టడం సంగతి సరే, మార్చి ఇచ్చిన ర్యామ్ ఏ స్లాటుల్లో పెట్టాడో చూడు అన్నాను. ఏ1, ఏ2.

ఇక ఆ పాత డిస్కు. వాడు వెంటనే చెక్‌డిస్క్ కొడతానన్నాడు. వద్దని అరిచినంత పని చేశాను. చచ్చిపోతున్న డిస్కు మీద చెక్‌డిస్క్ పెడితే అది మరమ్మతు పేరుతో డిస్కంతా తవ్వుతుంది, ఫోల్డర్ల లెక్కలు తిరగరాస్తుంది, ఉన్న కాస్త ఊపిరీ తీస్తుంది. ముందు మొత్తాన్ని మక్కీకి మక్కీ ఇంకో డిస్కులోకి దించుకోవాలి, రిపేరేదైనా ఆ నకలు మీదే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేచి డీడీరెస్క్యూ నడపమన్నాను. అది తెలివైనది. తేలిగ్గా వచ్చేవన్నీ ముందు లాక్కుని, మొండికేసిన చోట్లని వదిలి, ఎక్కడ వదిలిందో రాసిపెట్టుకుని, చివర్లో వాటి దగ్గరికి వస్తుంది. మధ్యలో ఆపినా ఆ కాగితం చూసుకుని అక్కడినుంచే మొదలెడుతుంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి మేనల్లుడు, "ఇదేంటి మావయ్యా, మీ కాలంలోదిలా ఉంది" అన్నాడు. అవును, అందుకే ఎంత వచ్చింది, ఎంత రాలేదు, ఎక్కడ తప్పింది అని ప్రతి క్షణం అంకెలతో చెప్తోంది.

చాలామటుకు పెళ్లిళ్లు వచ్చేశాయి. ఒక్కదాంట్లో మాత్రం జీలకర్ర బెల్లం ఉన్న ఫైలు ఎంత ప్రయత్నించినా పూర్తిగా రాలేదు. పురోహితుడు చెయ్యెత్తేదాకా ఉంది, ఆ తర్వాత పచ్చటి గళ్లు, ఆ తర్వాత అందరూ అక్షింతలు వేసేసి ఉన్నారు. వాళ్లకి ఏం చెప్పమంటావు మావయ్యా అని అడిగాడు. అది హార్డ్‌వేర్ ప్రశ్న కాదు గనక ఫోన్ పెట్టేశాను.